రిబ్బను ముడి

పదకొండో భాగం

శనివారం మధ్యాహ్నం అక్క భూతద్దం బల్ల మీద బోర్లించి, కళ్లు మంటగా ఉన్నాయని చెప్పి, గంట ముందే ఆఫీసులోంచి లేచి వచ్చేసింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆమె అలా చెయ్యడం అదే మొదలు. కళ్లు మంట అన్నది అబద్ధం. ఆ కళ్లతో ఒక బొమ్మ చూసింది. దాని తరవాత ఇంకో బొమ్మ చూసే ధైర్యం చాల్లేదు.

చూసింది గొడుగు మనిషి ఫిల్ములో. ఆ పేరుతో ఏడాదిగా చేతులు మారుతూ ఇళ్లలో పరుపుల కింద దాగుతున్న బొమ్మల పుస్తకానికి ఎవరో కదలిక నేర్పారు. ఆరు నిమిషాల సినిమాగా చేసి, పోయిన వారం పాలకేంద్రం వెనక తెల్లగోడ మీద ఆడించారు. పాల కోసం వరసలో నిలబడ్డ జనం క్యాన్లు కింద పెట్టడం కూడా మరిచిపోయి చూశారు. పట్టుబడ్డ ఆ ఫిల్ము ఇప్పుడు అక్క బల్ల మీద ఉంది. కథ ఏమంత పెద్దది కాదు. స్తంభానికో కెమెరా ఉన్న ఊళ్లో ఒక మనిషి ఎండపూట గొడుగేసుకుని నడుస్తాడు. గొడుగు కింద ఉన్నదెవరో పైనుంచి చూసేవాళ్లకి తెలియదు. అతని బలమల్లా అంతే. ముఖం ఉండాల్సిన చోట సన్నటి ఏటవాలు గీతల నీడ తప్ప ఏమీ లేదు.

బొమ్మల పుస్తకం వచ్చిన కొత్తలోనే జనం ఎండలో గొడుగులు విప్పడం మొదలుపెడితే, వాన లేనప్పుడు గొడుగు విప్పడం నేరమని ప్రభుత్వం చట్టం చేసింది. వాన ఉందో లేదో చెప్పే పని వీధి మైకుకి అప్పగించింది. రెండు వారాల కిందట ఆ మైకు ఈరోజు వాన లేదని చెప్పిన పావుగంటకే ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. వీధి వీధంతా ముడిచిన గొడుగులు చంకలో పెట్టుకుని నిలువునా తడిసింది. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన అక్క భర్త ఆవేళ గుమ్మంలో నిలబడి నీళ్లు కారుతున్న తల తుడుచుకుంటూ, "మైకు ఒప్పుకునేదాకా ఇది చెమటేనే" అన్నాడు. ఆ వాన, ఆ ముడిచిన గొడుగులు ఫిల్ములో ఉన్నాయి. అక్కడే వచ్చింది చిక్కంతా.

అక్క చెల్లెలి భర్త సైన్‌బోర్డులు రాసే పెయింటరు. ఎడమచేతి వాటం. గొడుగు మనిషి బొమ్మలు వేసింది ఎడమచేతివాడని పైవాళ్లకి తెలిసింది కాబట్టి, ఊళ్లో బ్రష్షు పట్టే ఎడమచేతివాళ్లని ఏరుకుంటూ పోయారు. మూడు వారాల కిందట అతన్నీ నిచ్చెన మీదనుంచి దింపి తీసుకెళ్లారు. సగం రాసిన మందులషాపు బోర్డు ఇంకా అలాగే ఉంది. చెల్లెలు ఇల్లు తాళం పెట్టి అక్క దగ్గరికి వచ్చేసింది. బుధవారం అతన్ని దీవికి పంపుతారు. దీవికి వెళ్లినవాళ్ల దగ్గర్నుంచి మొదటి నెల ఒక ఉత్తరం వస్తుంది. రెండో నెల రాదు.

ఇప్పుడు అతని తలరాత ఒక్క కాగితం మీద ఉంది. పుస్తకంలో బొమ్మలూ ఫిల్ములో బొమ్మలూ ఒకే చేతివా, వేరువేరు చేతులవా అన్నది సోమవారం పదకొండింటికల్లా రాసి సంతకం పెట్టి ఇమ్మని సూపరింటెండెంటు చెప్పాడు. ఒకే చెయ్యి అయితే అతను నిర్దోషి. ఎందుకంటే ఆ వాన కురిసిననాటికే అతను లోపల ఉన్నాడు. వేరు చెయ్యి అయితే పుస్తకం అతనిదేనని ఖాయం చేసుకుని పడవ ఎక్కిస్తారు. రాయాల్సింది అక్క.

ఆమె పనే అది. ప్రభుత్వ ముద్రణాలయం సవరణ విభాగంలో నాలుగు బల్లలున్నాయి, నాలుగింట్లో మొదటిది ఆమెది. పదవి పోయినవాళ్లని, మాట పోయినవాళ్లని, మనిషే పోయినవాళ్లని పాత గ్రూపు ఫోటోల్లోంచి తీసేస్తుంది. బ్లేడుతో పైపొర గీకి, తెల్లరంగు అద్ది, ఆ మనిషి వెనక గోడుంటే గోడ, కర్టెనుంటే కర్టెను సన్నబ్రష్షుతో నింపి, చివర బొటనవేలి గోటితో రుద్ది మెరుగు పెడుతుంది. ఆ మెరుగు కోసమే కుడిచేతి బొటనవేలి గోరు పెంచుతుంది. మిగతా మూడు బల్లలవాళ్లు రుద్దడానికి చెంచా వెనకభాగం వాడతారు, ఆమెని చాటుగా రబ్బరమ్మ అంటారు. ఆమెకి తెలుసు. లోపల కొంచెం గర్వంగానే ఉండేది, మొన్నటిదాకా.

ఇక శనివారం చూసిన ఆ బొమ్మ. ఒక చిన్నపిల్ల కుర్చీలో కూచుని ఉంది. ఎడమచెయ్యి కుర్చీ కోడుకి రిబ్బనుతో కట్టేసి ఉంది. గొడుగు మనిషి వంగి ఆ ముడి విప్పుతున్నాడు. పెసరగింజంత ఉంది ఆ ముడి. భూతద్దంలో చూస్తే రెండు చుట్లు చుట్టి, కొసలు రెండూ లోపలికి దోపి ఉన్నాయి, పిల్ల పళ్లతో లాగినా ఊడకుండా. ఆ ముడి ఈ లోకంలో ఒక్కరే వేసేవారు. ఆ ఒక్కరూ భూతద్దం బోర్లించి ఇంటికి వచ్చేశారు.

*

ఆదివారం మధ్యాహ్నం అక్కాచెల్లెళ్లిద్దరూ వంటింట్లో కూచుని బఠాణీలు ఒలుస్తున్నారు. బావగారు మెట్ల మీద కూచుని మైకు వింటున్నాడు. ఆయన మైకు వినేది వార్తల కోసం కాదు, వంటింట్లో గాలి బరువెక్కినప్పుడు బయట కూచోడానికి ఒక కారణం కావాలి కాబట్టి.

అక్క చెల్లెలి చేతులకేసే చూస్తోంది. కుడిచెయ్యి కాయ చీలుస్తోంది, ఎడమచెయ్యి గిన్నె పట్టుకుంది. కూరలు తరిగినా, జుట్టు దువ్వుకున్నా, సంతకం పెట్టినా కుడిచెయ్యే. ముప్ఫయ్యేళ్లుగా అంతే. అమ్మా నాన్నా ఒకే ఏడు పోయేసరికి అక్కకి పంతొమ్మిది, చెల్లెలికి ఏడు. అప్పట్లో బడిలో చేర్చుకోవాలంటే పిల్లకి కుడిచేతి వాటం ఉండి తీరాలి. లేనివాళ్లకి చేతి దిద్దుబాటు తరగతి పెట్టేవారు. ఒక ఏడాదిలో దిద్దుకుంటే సరి, లేకపోతే పిల్లని ఎక్కడికో వసతిగృహానికి పంపేవారు. పిల్ల పేరు అందులో రాయించినా, అక్క ఆ తరగతి మీద నమ్మకం పెట్టుకోలేదు. ఇంట్లో తనే మొదలుపెట్టింది. ఎర్ర రిబ్బను, కుర్చీ కోడు, రోజూ సాయంత్రం రెండు గంటలు. ఎనిమిది నెలల్లో పిల్ల కుడిచేత్తో ముత్యాల్లాంటి అక్షరాలు రాసింది. ఆ ఎనిమిది నెలల్లోనే నత్తి పట్టుకుంది. అది పోవడానికి రెండేళ్లు పట్టింది. ఇరుగూ పొరుగూ మాత్రం తల్లి లేని పిల్లని ఎంత తీర్చిదిద్దిందో అని అక్కనే మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు ఇన్నేళ్లూ గొంతులో చేపముల్లులా ఉండిపోయింది, మింగుడుపడలేదు, బయటికీ రాలేదు.

ఎలా మొదలుపెట్టాలో తెలియక, గిన్నెలోకి చూస్తూనే, ఫిల్ములో రిబ్బను బొమ్మ చూశానని అంది.

చెల్లెలి చేతులు ఆగలేదు. ఇంకో కాయ తీసుకుంది, చీల్చింది, గింజలు రాల్చింది. ఆ తరవాత కాయ మాత్రం కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మారింది. ఎడమ బొటనవేలు ఒక్కసారి అలా పాకింది, అయిదు గింజలూ వరసగా గిన్నెలో పడ్డాయి. కుడిచేత్తో అంత జోరు ఎప్పుడూ చూడలేదు అక్క.

"చూస్తావనే వేశాను" అంది చెల్లెలు.

ఆ తరవాత ఆమె చెప్పిందంతా నెమ్మదిగా, ఎవరికో జరిగిన సంగతిలా చెప్పింది. పెళ్లయిన కొత్తలో, మొగుడు ఎడమచేత్తో బోర్డులు రాస్తుంటే చూసి, ఒకరోజు ఊరికే బ్రష్షు అందుకుందట. చెయ్యి దానంతట అదే కదిలిందట. ఇంటికి తాళమేసి వెళ్లిన పిల్ల ఇన్నేళ్లకి తిరిగొచ్చి తాళం తీసుకున్నట్టుందని మొగుడితో అందట. పుస్తకం ఆమెదే. మొదటి గీత నుంచి ఆఖరి గీత వరకూ. అతను కాగితాలు కోసి కుట్టేవాడు, బోర్డుల మధ్యలో పెట్టి చేరవేసేవాడు, అంతే. అతన్ని పట్టుకెళ్లిన రోజున ఎడమచేతివాడు నేనే, నేనే వేశాను అని అతనే ఒప్పుకున్నాడు, ఇక ఇంటిని వెతక్కుండా ఉండాలని. ఫిల్ము ఆ తరవాత వేసింది, ఇక్కడే, ఈ ఇంట్లోనే, అక్కా బావా పనుల మీద బయటికెళ్లిన పగటిపూటల్లో. ముక్కలు ముక్కలుగా పాలక్యానులో పెట్టి పంపింది. అందుకున్నవాళ్లెవరో ఆమె చెప్పలేదు, అక్క అడగలేదు.

పక్కగదిలో అక్క తన బట్టలు పెట్టుకునే బీరువా ఎదురుగా ఈ మూడు వారాలూ అది జరుగుతుంటే, తను ఆఫీసునుంచి వచ్చి చెల్లెలికి టీ పెట్టిచ్చి, మరిది గురించి దిగులుపడకమని ధైర్యం చెబుతూ కూచుంది.

"నా మీద కోపంతో వేశావు కదూ ఆ ముడి" అంది.

చెల్లెలు తలెత్తి చూసింది. "ముడి ఒక్కటే చూశావా అక్కా? విప్పే చెయ్యి చూళ్లేదా?"

చూడలేదు. ముడి కనపడగానే భూతద్దం బోర్లించేసింది కదా.

"ఆ చేతి బొటనవేలు చూడు రేపు. గోరు పొడుగ్గా ఉంటుంది. గొడుగు మనిషి మగవాడని నేనెక్కడా అనలేదు. కట్టింది నువ్వేనని నాకు గుర్తుంది. కట్టి, వంటింట్లోకి వెళ్లి, తలుపేసుకుని ఏడ్చేదానివని కూడా గుర్తుంది. తలుపు సందులోంచి వినపడేది. నువ్వు వచ్చి విప్పుతావని రోజూ చూసేదాన్ని. రెండు గంటలయ్యాక విప్పేదానివి కూడా. ఆ విప్పడమే వేశాను."

ఏ మాటని మనిషి తట్టుకోలేడో ముందు తెలియదు. తిట్టి ఉంటే అక్క తట్టుకునేది, తిట్టుకి సిద్ధపడే కూచుంది. ఈ క్షమని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎందుకంటే చెల్లెలికి తెలియని మాట ఇంకోటి ఉంది. అది చెప్పకుండా ఈ క్షమ పుచ్చుకుంటే, జేబు కొట్టినవాడే దారి ఖర్చులకి సాయం పుచ్చుకున్నట్టవుతుంది. ఆమె చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"ఎడమచేతి సంగతి వాళ్లకి చెప్పింది నేనే" అంది.

బయట వీధి మైకు మోగుతోంది. రేపు ఎండ కాస్తుందని చెబుతోంది.

అక్క చెప్పింది, తల దించుకునే. మొదటి పుస్తకం ఆఫీసుకి వచ్చినరోజు దాన్ని నాలుగు బల్లల మధ్యా తిప్పారు. కాగితం ఎక్కడిది, సిరా ఏ రకం అని అందరూ చూస్తున్నారు. ఆమె చేతికి వచ్చినప్పుడు కాగితమూ చూడలేదు, సిరా చూడలేదు, గొడుగు కింది నీడ చూసింది. కుడిచేతివాళ్లు నీడ గీస్తే గీతలు పైన కుడివైపు మొదలై ఎడమకి వాలతాయి. ఇవి ఎడమవైపు మొదలై కుడికి వాలాయి. ఒక్క గీత తడబడలేదు, ఒక్కటి కూడా రెండోసారి దిద్దలేదు. అలాంటి గీత చూసి ఎన్నేళ్లయిందో. రోజూ బ్లేడుతో గీకే మనిషికి అది చూస్తే కడుపు నిండినట్టయింది. ఎవరూ అడగలేదు. తనే అంది, ఎంత అందమైన ఎడమచేతి గీతో అని. పక్కబల్లవాడు రాసుకున్నాడు. సాయంత్రానికి అది ఉత్తర్వయింది.

"మరిది ఎడమచేతివాడని అప్పుడు గుర్తుకే రాలేదు. గుర్తొచ్చేసరికి బస్సులో ఉన్నాను" అంది అక్క.

చెల్లెలు గిన్నె కింద పెట్టింది. ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడిచెయ్యి దానిమీద పెట్టుకుంది, చిన్నప్పుడు బడికి పోయేముందు పెట్టుకున్నట్టు.

"బ... బాగుందన్నావా?" అంది చివరికి.

ఆ నత్తి, ముప్ఫయ్యేళ్ల కిందట పోయిందనుకున్నది, ఈ వంటింట్లోనే ఏదో మూల కూచుని ఉన్నట్టుంది ఇన్నాళ్లూ.

"బాగుందన్నాను."

"నా జీవితంలో నువ్వు నా ఎడమచేతిని మెచ్చుకున్నది అదొక్కసారే. ఆ ఒక్కసారికీ నా మొగుణ్ణి పట్టుకుపోయారు." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఏం మనుషులమే మనం."

ఆ తరవాత ఆమె మాట గట్టిపడింది. రేపు ఒకే చెయ్యి అని రాయమంది. ఉన్నదే రాయమంటున్నాను, అబద్ధం చెప్పమనడం లేదు కదా అంది. ఆయన బయటికి వస్తాడు. ఇక ఎవరు వేశారని వెతుకుతారా, వెతకనీ. ఎడమచేతివాళ్లలో వెతుకుతారు. తనేమో బడి సర్టిఫికెట్లో కుడి, రేషను కార్డులో కుడి, పెళ్లినాటి కాగితంలో కుడి. నువ్వు కట్టిన రిబ్బనే నాకు చాటు అంది. అక్కకి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది, ఎందుకో మందు పూసినట్టు కూడా ఉంది.

రిబ్బను బొమ్మ ఉంది కదే, అది చూసి ఎవరైనా కూపీ లాగితే, అని అక్క అడిగింది. అది నీకు తప్ప ఇంకెవరికి అర్థమవుతుంది అని చెల్లెలు కొట్టిపారేసింది. నిజానికి ఆ ఒక్క బొమ్మనే బ్లేడుతో గీకేద్దామని శనివారం నుంచీ అక్క చెయ్యి దురద పెడుతూనే ఉంది. కానీ ఫిల్ములో ఎన్ని బొమ్మలున్నాయో లెక్కపెట్టి, అంచుమీద ముద్రవేసి మరీ ఇచ్చారు.

లేచి వెళ్లిపోతూ చెల్లెలు గుమ్మంలో ఆగింది.

"ఆయన గడప లోపల అడుగుపెట్టాక నీతో మాట్లాడాలో వద్దో చూస్తాను. అప్పటిదాకా నన్ను పలకరించకు అక్కా. పలకరిస్తే పలుకుతాను, నా సంగతి నాకు తెలుసు. అందుకే వద్దంటున్నాను."

ఆ పూట ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూచుని తిన్నారు. బావగారు ఇద్దరి మొహాలూ చూసి, మైకు ఎండ అంది కాబట్టి రేపు వాన ఖాయమని, టవలు పట్టుకెళ్లమని అక్కతో అన్నాడు. ఎవరూ నవ్వలేదు. చెల్లెలు ఎడమచేత్తో తింది. ఆయన అది చూశాడు, చూసి నీళ్లగ్లాసు ఆమె ఎడమవైపుకి జరిపాడు. ఏమీ అడగలేదు. రిటైరైనా కండక్టరు కండక్టరే. టిక్కెట్టు లేనివాణ్ణి ఎప్పుడు చూడనట్టు వదిలెయ్యాలో ఆయనకి తెలుసు.

*

సోమవారం పొద్దున అక్క అందరికంటే ముందు బల్ల దగ్గరికి చేరింది. ఫిల్ము కిటికీ వెలుతురుకి పెట్టి, భూతద్దంలో ఆ బొమ్మ వెతికి పట్టుకుంది. ఉంది. ముడి మీద వాలిన బొటనవేలికి గోరు, కొంచెం వంపు తిరిగి, ఒక మూల అరిగి. రుద్ది రుద్ది తన గోరు ఆ మూలే అరిగింది. చెల్లెలు ఎప్పుడు చూసిందో అంత దగ్గరగా.

ఒకే చెయ్యి అని రాసింది. గీత వాలు, మొదలు, ఒత్తిడి అన్నీ వివరంగా రాసి, కింద సంతకం పెట్టింది. ఇంకో వాక్యం రాయాలనిపించింది, ఆ గీత ఎంత బాగుందో. కలం మూత పెట్టేసింది.

పదకొండింటికి సూపరింటెండెంటు ఆమెని లోపలికి పిలిచాడు. ఆయన ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ దగ్గుతూ ఉంటాడు. ఈ పని ఆమెకి నేర్పింది ఆయనే. బ్లేడు ఎంత వాలుగా పట్టాలో, చెంచాతో రుద్దితే కాగితం ఎందుకు చచ్చిపోతుందో, గోటితో రుద్దితే ఎందుకు బతుకుతుందో, పక్కన కూచోబెట్టుకుని చూపించాడు. నివేదిక రెండుసార్లు చదివి, ముద్ర వేసి పక్కన పెట్టాడు. పెయింటరు విడుదల కాగితం దీంతోపాటే వెళుతుంది, సాయంత్రం నాలుగింటికి గేటు దగ్గర వదిలేస్తారు అన్నాడు.

ఆమె ఇంకా ఊపిరి పూర్తిగా వదలకుండానే ఆయన బల్ల మీదికి ఒక పాత రిజిస్టరు జరిపాడు. అట్ట మీద బడి ముద్ర ఉంది. చేతి దిద్దుబాటు తరగతి అని రాసి ఉంది, ఏడాదితో సహా.

పైవాళ్లు నిన్న ఫిల్ము తెప్పించుకుని చూశారట. రిబ్బను బొమ్మ దగ్గర ఆపారట. వేసిన మనిషికి చిన్నప్పుడు చెయ్యి కట్టేసి ఉంటారు, అంటే ఇప్పుడు కాగితాల్లో కుడిచేతివాటంగా ఉండి ఉంటారు అని తేల్చారట. ఊళ్లో అన్ని బడుల రిజిస్టర్లూ తీయిస్తున్నారు. ఈ బడిది మనకి పంపారు, పేర్లు ఎక్కించి మధ్యాహ్నానికి ఇవ్వాలి అన్నాడు. తనే రాసుకోవచ్చు కదా, ఆమెనెందుకు పిలిచాడో చెప్పలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి ఆమెకి వీపు చూపించి నిలబడ్డాడు.

ఆమె పేజీ తిప్పింది. తన చెల్లెలి అంకె ఆమెకి గుర్తే. పదిహేడు. ఆ వరసలో నిలబడి, పక్కన పిల్ల చెయ్యి పట్టుకుని, పదిహేడు అని పిలిచేదాకా ఎదురుచూసి, సంరక్షకురాలి గడిలో తను పెట్టిన మొట్టమొదటి సంతకం అది. వేలు ఒక్కో పేరు మీదనుంచీ దిగుతోంది. పద్నాలుగు, పదిహేను, పదహారు.

పదిహేడులో ఎవరో అబ్బాయి పేరుంది. పక్కన ఎవరిదో తెలియని సంతకం.

అంకె తప్పుగా గుర్తుందేమోనని మొదటి నుంచి చివరిదాకా చూసింది. చెల్లెలి పేరు ఎక్కడా లేదు. ఒక్క క్షణం దేవుడున్నాడనిపించింది. ఆ మరుక్షణం ఇరవై రెండేళ్ల అలవాటు పనిచేసింది. రిజిస్టరు పైకెత్తి, కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పట్టింది. పదిహేడో వరస, ఆ ఒక్క వరసే, సన్నగా మెరిసింది. గోరు ఆనించి చూసింది. నున్నగా జారింది. చెంచాతో రుద్దిన నునుపు కాదది.

తలెత్తింది. సూపరింటెండెంటు ఇటు తిరిగి ఉన్నాడు. ఆయన బొటనవేలి గోటి కింద నీలం సిరా ఇంకా ఆరలేదు.

"మీ చెల్లెలి పెళ్లికి నన్నూ పిలిచారు కదమ్మా" అన్నాడు. "సంతకం రిజిస్టరులో చూడగానే మీదని తెలిసింది. మీ అక్షరం నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది."

ఎడమచేతి గీత అని తను అన్న రోజున ఈయన ఇదే గదిలో తలుపు తీసుకుని కూచుని ఉన్నాడు. ఆ మాట విన్నాడు. విని దగ్గాడు, గట్టిగా, రెండుమూడుసార్లు. ఆ దగ్గు తన మాటని కప్పెయ్యడానికని ఇప్పుడు, ఇంత ఆలస్యంగా, అర్థమవుతోంది.

ఆయన వచ్చి కుర్చీలో కూచున్నాడు.

"పేరు సంగతి అయిపోయింది. ఇంకోటుంది. రిబ్బను ఒక్కటే చూసి ఊరుకోలేదమ్మా వాళ్లు. విప్పే చెయ్యి కూడా చూశారు. పెద్దది చేసి అచ్చువేయించారు. బొటనవేలికి గోరుంది. అలా గోరు పెంచేవాళ్లు ఎవరని అడిగితే, మిగతా మూడు బల్లల్లో ఎవరో చెప్పారు, ఈ ఆఫీసులో ఇద్దరున్నారని."

వరండాలో ఎవరో బూట్లు తుడుచుకుంటున్న చప్పుడైంది. ఇంకా దూరంగానే ఉంది.

ఆయన జేబులోంచి గోళ్లు కత్తిరించుకునేది తీసి రిజిస్టరు మీద పెట్టాడు.

"ఇద్దరం కత్తిరించుకుంటే ఇద్దర్నీ తీసుకెళతారు. వాళ్లకి ఒక గోరు కనపడాలి. ఎవరిది అన్నది మీరు చెప్పండమ్మా" అన్నాడు. "నేను రెండేళ్లలో రిటైరయ్యేవాణ్ణి. కానీ చెప్పేది మాత్రం మీరే. ఈసారి అడిగాక చెప్పండి."